దిద్దిన పేపరు చేతికి వచ్చాక

చిరంజీవి అమ్మాయికి,

తాతయ్య ఆశీస్సులు.

హైస్కూలులో రాసిన మొదటి ఇంగ్లీషు పరీక్షలో ఇరవైకి తొమ్మిది మార్కులే వచ్చాయనీ, ఎవరికీ చూపించబుద్ధి కాక ఆ పేపరును పుస్తకాల అడుగున పెట్టేశావనీ నీ ఉత్తరంలో రాశావు. ముందుగా ఆ పేపరును బయటికి తియ్యి. ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి, లెక్కలేనన్ని పేపర్లు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను. ఈ కోర్సులో నెగ్గడమన్నది పరీక్ష హాల్లో కన్నా, దిద్దిన పేపరు చేతికి వచ్చిన రోజుకూ తర్వాతి పరీక్షకూ మధ్యనున్న వారాల్లోనే ఎక్కువగా తేలిపోతుంది.

నువ్వు రాసినది ఏడాది మధ్యలో జరిగే చిన్న పరీక్ష. చదువు సాగుతుండగానే లోపాలను పట్టుకుని సరిదిద్దడానికి పెట్టే ఇలాంటి పరీక్షలను నిర్మాణాత్మక మూల్యాంకనమనీ, కోర్సు ముగిశాక ఎంత వచ్చిందో తేల్చి చెప్పే పరీక్షలను సంగ్రహణాత్మక మూల్యాంకనమనీ అంటారు. మైకేల్ స్క్రివెన్ అనే మూల్యాంకన పండితుడు 1967లో చేసిన ఈ విభజనను ఉపాధ్యాయులందరూ చదువుకుంటారు గాని, అది అందరికన్నా ఎక్కువగా తెలియవలసింది విద్యార్థికే అని నా అభిప్రాయం. నీకు వచ్చిన తొమ్మిది మార్కులు తీర్పు కావు; ఇంకా సమయం ఉండగానే అందిన సమాచారం.

ఆ సమాచారం అంకెలో లేదు, పేపరు అంచున టీచరుగారు రాసిన మాటల్లో ఉంది. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, మిగిలినవారికి రెండూ కలిపి ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవారికి ఆ మేలు జరగలేదు. అంకె కనబడగానే కళ్లు అక్కడే ఆగిపోతాయి, పక్కనున్న మాటలు చదవబుద్ధి కాదు. తరగతిలో ఎన్నోసార్లు ఇదే చూశాను గనుక, చివరి కొన్నేళ్లలో నేను మొదటి రోజున వ్యాఖ్యలు మాత్రమే రాసి పేపర్లు ఇచ్చి, మార్కులను రెండు రోజుల తర్వాత చెప్పేవాడిని. నువ్వు మార్కుల మీద ఒక చీటీ అంటించుకుని, మిగతా పేపరంతా నిదానంగా చదువు.

నీ పేపరులో మూడో ప్రశ్నకు టీచరుగారు ‘ఆధారం ఏది?’ అని రాశారన్నావు. నువ్వు పంపిన జవాబు చదివాను. కొడుకు ఇల్లు విడిచి వెళ్లాక తండ్రి పడిన బాధను రచయిత ఎలా చూపించాడన్నది ప్రశ్న. నువ్వు పేజీన్నర కథ చెప్పి, చివర ‘తండ్రి చాలా బాధపడ్డాడు’ అని ముగించావు. ప్రశ్న అడిగింది ‘ఎలా’ అని. నువ్వు చెప్పింది ‘ఏం జరిగింది’ అని. కథలో ఒక చోట తండ్రి భోజనానికి కూర్చుంటూ ఎప్పటిలాగే పక్క కుర్చీని కూడా వెనక్కి లాగుతాడు, గుర్తుందా? ఆ వాక్యాన్ని అలాగే ఎత్తి రాసి, అందులోని ‘యాజ్ ఆల్వేస్’ అనే రెండు మాటల దగ్గర ఆగి, కొడుకు లేడన్న సంగతి మనసుకు తెలిసినా చేతులకు అలవాటు పోలేదని ఆ మాటలు చెబుతున్నాయని వివరించి ఉంటే, ఆరు పంక్తుల్లోనే పూర్తి జవాబు వచ్చేది. ఒక అభిప్రాయం, దానికి పాఠంలోని మాటలు, ఆ మాటలు చేస్తున్న పనికి వివరణ: సాహిత్యం మీద అడిగే ప్రశ్నల్లో మార్కులు వీటికే వస్తాయి. మూడోది రాయడమే కష్టం, ఎక్కువమంది దాన్నే వదిలేస్తారు.

మీ టీచరుగారి దగ్గర రూబ్రిక్, అంటే ఏ అంశానికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక, తప్పక ఉంటుంది. దాన్ని అడిగి తెచ్చుకో. అడగడంలో చిన్నతనమేమీ లేదు; విద్యార్థి వచ్చి ఆ పట్టిక అడిగితే సంతోషించని ఉపాధ్యాయుణ్ణి నేను చూడలేదు. విషయానికి, అమరికకు, భాషకు వేరువేరుగా మార్కులున్నాయేమో చూసి, నీ జవాబుకు నువ్వే ఓసారి మార్కులు వేసుకుంటే, ఎక్కడ పోయాయో ఎవరూ చెప్పనక్కరలేదు.

భాషా దోషాల సంగతికి వస్తే, వాటిలో చాలావరకు మన తెలుగు నుంచి వచ్చేవే. ‘గురించి చర్చించడం’ అనే మన అలవాటు చేత ‘డిస్కస్ అబౌట్’ అని రాస్తాం. ఇంగ్లీషులో ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ రాదు. తెలుగులో ఆర్టికల్స్ లేవు గనుక ‘ఎ’, ‘ది’ అనేవి ఎక్కడ పెట్టాలో తోచదు. ‘తెలుసు’ అనడానికి ‘ఐ నో’ అనకుండా ‘ఐ యామ్ నోయింగ్’ అని రాసేవారిని ఎందరినో చూశాను. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని, ఎడమ పేజీలో నువ్వు రాసిన తప్పు వాక్యాన్నీ, కుడి పేజీలో సరైన వాక్యాన్నీ, కింద అదే పద్ధతిలో నీ సొంత వాక్యాలు రెండింటినీ రాసుకో. నెల తిరిగేసరికి నీ తప్పులు వందరకాలు కావని, నాలుగైదే మళ్లీ మళ్లీ వస్తున్నాయని గమనిస్తావు. పరీక్షలో చివరి పది నిమిషాలు ఆ నాలుగైదింటి కోసమే పేపరంతా వెతుకు.

పాఠాన్ని పదేపదే చదివితే వచ్చేస్తుందనుకోకు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే మాత్రం, పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవారు వారిని దాటిపోయారు. పరీక్ష ముందు రాత్రి పుస్తకం తిరగేసినప్పుడు అంతా వచ్చినట్టు అనిపించడానికి కారణం ఇదే. కొత్త పదాలకైనా, పద్య సారాంశానికైనా పుస్తకం మూసి కాగితం మీద రాయి, ఆ తర్వాత తెరిచి సరిచూసుకో. మాట్లాడే పరీక్షకు రోజూ రెండు నిమిషాలు గొంతు విప్పి చదివి, ఆ చదివినదాన్ని నీ మాటల్లో చెబితే చాలు.

ఇక నువ్వు ఈ వారమే చెయ్యవలసిన పని ఒకటుంది. ఆ మూడో ప్రశ్నకు జవాబును మళ్లీ రాసి, టీచరుగారికి చూపించు. మార్కులు పెంచమని అడగవద్దు. ‘ఇప్పుడు ఆధారం సరిపోయిందా అండీ?’ అని మాత్రం అడుగు. ఆవిడ చెప్పినదాన్ని అంచున రాసుకుని, పాత జవాబునూ కొత్త జవాబునూ రెండింటినీ నాకు పంపించు. నేను కూడా పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

ఇట్లు,
తాతయ్య