సినిమాలో వాడిన పాత ఫియట్ కొనేముందు పైకప్పు గుడ్డ విప్పించండి

ప్రొద్దుటూరులో 1972 ఫియట్ ఒకటి అమ్మకానికి ఉందని, పాత సినిమాలో వాడిన బండి అంటూ రెట్టింపు రేటు చెబుతున్నారని, కొని కొత్త ఇంజిన్, అల్లాయ్ చక్రాలు వేయించుకోవచ్చా అని అడిగారు.

ముందు పైకప్పు లోపలి గుడ్డ విప్పించి చూడండి. మా బండి కథ అక్కడే బయటపడింది.

మాది కడప. బండి 1970 ఫియట్ 1100డి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసింది. 1089 సీసీ ఇంజిన్, గేర్లు స్టీరింగ్ పక్కన. ఇదే మోడల్ తర్వాత పద్మిని అయింది. షూటింగులకు బండ్లు అద్దెకిచ్చే ఒకాయన దగ్గర 2018లో చెన్నైలో కొన్నాం. సినిమా పేరు చెప్పాడు గానీ కాగితం ఒక్కటీ లేదు. తెరమీద నంబరు చూసి పోల్చుకుందామంటే కుదరదు. షూటింగుకు నంబరు ప్లేటు మార్చేస్తారు, రంగూ మార్చేస్తారు.

యర్రముక్కపల్లిలో మా మెకానిక్ భాయ్ డిక్కీలో ఒక మూల వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే ఉప్పుకాగితంతో, రుద్దాడు. పైన క్రీము, దాని కింద ఆకాశనీలం, అట్టడుగున బూడిద రంగు. ముందు బంపరు కింద ఎందుకో అర్థంకాని రెండు బోల్టు రంధ్రాలు. పైకప్పు గుడ్డ విప్పితే వెనక సీటు మీదుగా చుట్టూ వెల్డింగ్ గీత! పైనుంచి షాట్ తీయడానికి రేకు కోసి, పనయ్యాక అదే రేకు అతికించారు. ఆ రాత్రే ఇంట్లో సినిమా పెట్టుకున్నాం. పెళ్లి పాటలో నీలం ఫియట్, కెమెరా నేరుగా పైనుంచి వెనక సీటు మీదికి దిగుతుంది. ఆ సినిమాను చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో చూసిన మా నాన్న లేచెళ్లి, చీకట్లోనే బండిలో కాసేపు కూర్చుని వచ్చారు.

నవంబరు వానకు ఆ గీత నుంచే నీళ్లు కారాయి. భాయ్ కొత్త రేకు వేద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు. సీలెంట్ పూయించి, లోపల గుడ్డ వేయకుండా గీత కనపడేలా వదిలేశాం. అది చెరిపేస్తే ఆ పాటకూ మా బండికీ సంబంధం ఏం మిగులుతుంది?

మీరు చూసే బండి కూడా చెన్నై నుంచి వచ్చిందైతే ఫ్లోరు, తలుపుల అడుగు చూడండి. సముద్రపు గాలికి అక్కడే తుప్పు పడుతుంది. అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ అంతా తిప్పండి, అంటుకోని చోట సొట్టలు, తుప్పు కప్పడానికి మందంగా పుట్టీ పూసినట్టు. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్సీతో కలవకపోతే బేరమే వద్దు. ఇలాంటి గుర్తులు చూపించలేని సినిమా కథకు రూపాయి ఎక్కువ ఇవ్వకండి.

ఇంజిన్ మాత్రం మార్చొద్దు. ఆర్టీఓ అనుమతి లేకుండా మారిస్తే చిక్కే. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పైగా 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. నంబరులో వీఏ అని వస్తుంది, కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు. మీ బండికి ఆ అర్హత పోగొట్టకండి. అయితే ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు. ర్యాలీలు, ప్రదర్శనల వంటివాటికే. మాది కోసిన బండి, ఆదివారాలు ఒంటిమిట్ట దాకా తిప్పుతాం కూడా, అందుకే మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించుకుంటున్నాం.

ఇంకో మాట. మే నెల మధ్యాహ్నం బండి దారిలో ఆగిపోతే టెన్షన్ పడకండి. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతుంది. బానెట్ ఎత్తి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేయండి.