ఉన్న వెబ్‌సైట్‌నే దివ్యాంగులకు పనికొచ్చేలా కొంచెం కొంచెంగా మార్చవచ్చా?

మీ ప్రశ్న చదివాను. చిత్తూరులో మామిడి తాండ్ర, పచ్చళ్లు అమ్మే చిన్న సైట్ మీది. చూపు లేని ఒకరు ఆర్డర్ పెట్టలేకపోయానని ఫోన్ చేశారు. సైట్ చేసినాయనను అడిగితే మొత్తం కొత్తగా కట్టాలంటూ మీ తాహతుకు మించిన ధర చెప్పారు. కొత్తగా కట్టనక్కర్లేదండీ, విడతలవారీగా చేసుకోవచ్చు. తిరుపతిలో మా కుటుంబానికి కలంకారీ చీరల దుకాణం ఉంది, దాని సైట్ చూసుకునేది నేనే. మూడేళ్లుగా అలాగే బాగుచేసుకుంటూ వస్తున్నాను. కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు నెలలు, కొంత డబ్బు పోగొట్టుకున్నాను. మీకు ఆ ఖర్చు తప్పిద్దామని ఈ జవాబు.

మొదట, తప్పులు పట్టే ఉచిత పరికరం ఒకటి సైట్ మీద నడిపాను. పేజీలకు పేజీలు తప్పులు చూపింది. సులువైనవి ఏరుకుని దిద్దాను, మార్కులు పెరిగాయి, పొంగిపోయాను. పైగా, ఒక్క లైను కోడ్ చేరిస్తే సైట్ అంతా దివ్యాంగులకు అనుకూలమైపోతుందని చెప్పే విడ్జెట్ ఒకదానికి ఏడాది చందా కట్టాను.

మా దుకాణానికి తరచూ వచ్చే టీచరమ్మ ఒకరున్నారు. ఆమెకు చూపు లేదు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, వాడతారు. మా సైట్‌లో ఒక చీర కొని చూడమని ఒక ఆదివారం మధ్యాహ్నం బతిమాలి కూర్చోబెట్టాను. మొదటి చీర దగ్గర ల్యాప్‌టాప్ ‘గ్రాఫిక్, ఐఎంజీ, సున్నా నాలుగు ఒకటి రెండు’ అంది. రెండో చీర దగ్గరా అదే పాట, చివరి అంకె ఒక్కటే మారింది. ఎంచుకున్న సరుకు చూపే బటన్‌కు ఎంతో ముచ్చటపడి గీయించుకున్న సంచి బొమ్మ ఆమెకు ఉత్త ‘బటన్’ అని వినిపించింది. ఏం చేసే బటనో చెప్పలేదు. ఇంతలో నా విడ్జెట్ మధ్యలో దూరి, స్క్రీన్ రీడర్ మాటకు అడ్డం పడింది. ‘దీన్ని ఆపడం ఎలాగండీ?’ అన్నారామె. చందా సొమ్ము అక్కడితో సరి.

పరికరం లెక్కపెట్టిన తప్పుల్లో ఆమెను నిజంగా ఆపినవి నాలుగే. అందుకే మీరూ హోమ్ పేజీతో మొదలుపెట్టకండి. ఒక మనిషి సీసా పచ్చడి ఎంచుకుని, చిరునామా ఇచ్చి, డబ్బు కట్టి బయటపడే ఆ ఒక్క దారి ముందు బాగుచేయండి. ‘మా గురించి’ పేజీ ఏడాది ఆగినా ఎవరికీ నష్టం లేదు.

బటన్లకు పేర్లు, గడులకు లేబుళ్లు పెట్టడం ఒక సాయంత్రం పని. గడి లోపల లేతగా ‘పిన్‌కోడ్’ అని రాసి వదిలేస్తే, టైపు చేయగానే అది మాయమవుతుంది. మరపున్నవారికీ అది కష్టమే. తర్వాత మౌస్ తీసి పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ మీటలతో మీరే ఒక ఆర్డర్ పెట్టి చూడండి. నేను మూడో మీటకే దారి తప్పాను. ఎక్కడున్నామో చూపే గీతను మా డిజైనర్ అందం చెడుతుందని తీసేశారట. దాన్ని దాచిన కోడ్ లైను ఒక్కటి తొలగిస్తే గీత తిరిగొచ్చింది. చేతులు వణికేవారు, మౌస్ పట్టలేనివారు ఆ గీత ఆధారంగానే నడుస్తారు.

బొమ్మలకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించే వర్ణన రాయడం మాత్రం నెలల పని, నాకు బాగా నచ్చిన పని కూడా. మొదట అన్నింటికీ ‘కలంకారీ చీర’ అని పెట్టాను. టీచరమ్మ నవ్వారు. ‘కలంకారీ దుకాణంలో కలంకారీ చీర కాక ఇంకేముంటుంది? రంగు చెప్పండి. నాకు కనపడకపోయినా, నన్ను చూసేవాళ్లున్నారు కదా.’ ఇప్పుడు ఇలా రాస్తున్నాను: ‘గోధుమ వన్నె టస్సర్ చీర, కొంగు మీద నల్ల గీతలతో రెండు నెమళ్లు ఎదురెదురుగా, ఇటుక రంగు సన్నంచు. శ్రీకాళహస్తి కలం పని.’ మచిలీపట్నం అచ్చు పనికీ దీనికీ తేడా చూపున్న కొనుగోలుదారులకే సరిగా తెలియదు. ఈ వర్ణన వాళ్లకూ పనికొచ్చింది. అన్ని చీరలకూ ఒకేసారి రాయలేక, ఎక్కువగా అమ్ముడుపోయేవి ముందు పట్టుకున్నాను. మీకైతే సీసా బొమ్మ కింద కారం ఎంతో, బరువెంతో, ఏ నూనెతో పెట్టారో రాస్తే చాలు.

తెలుగు సైట్లకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి. పేజీ భాష ఇంగ్లిష్ అని ఉండిపోతే, స్క్రీన్ రీడర్ తెలుగు అక్షరాలను ఇంగ్లిష్ గొంతుకు అప్పగించి తికమకపడవచ్చు. భాష తెలుగు అని కోడ్‌లో తెలపాలి. రెండోది ధరల పట్టిక. మాది డీటీపీ సెంటర్‌లో పాత ఫాంట్‌తో చేయించిన పీడీఎఫ్. కంటికి చక్కని తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. చదివిస్తే శుద్ధ గోల. ఏ పరికరమైనా తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసి, మామూలు పేజీగా పెట్టాను.

రంగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. గంధం రంగు మీద బంగారు అక్షరాలు శుభలేఖకు బాగుంటాయి, శుక్లాలున్న మా నాన్నగారు వాటిని చదవలేకపోయారు. వెబ్‌సైట్లు దివ్యాంగులకు అనుకూలంగా ఉండేందుకు డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. వాటి మధ్య స్థాయి అయిన ఏఏ ప్రకారం మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటే అక్షరాల రంగుకూ వెనక రంగుకూ వెలుగులో ఉండే తేడా, కనీసం 4.5కు 1 ఉండాలి. వరుసల మధ్య ఎడం కూడా పెంచండి, ఇరుకైతే ఒత్తులు కింది వరుసకు తగులుతాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఫోన్ చేసినాయన ఒక్కరికోసమే ఇదంతా అనుకోకండి.

డబ్బు కట్టే పేజీ మన చేతిలో ఉండదు. ఓటీపీ గడువు ముగిసేలోపు టీచరమ్మ రెండుసార్లు వెనక్కి రావలసి వచ్చింది. ఆ సంస్థకు రాశాను, జవాబు రాలేదు. ప్రస్తుతానికి ఆ పేజీకి ముందే ‘ఫోన్‌లో ఆర్డర్ చెప్పవచ్చు, డబ్బు సరుకు అందాక ఇవ్వవచ్చు’ అని రాసి నంబరు పెట్టాను. ఇది సర్దుబాటే, పరిష్కారం కాదు.

ఇంకొక్కటి. అంతా బాగైందనుకున్న మూడు నెలలకు మా తమ్ముడు పండగ సరుకు నలభై చీరలు ఎక్కించాడు. ఒక్కదానికీ వర్ణన లేదు. తిట్టి లాభం లేదని, వర్ణన గడి ఖాళీగా ఉంటే బొమ్మ ఎక్కనివ్వకుండా ఏర్పాటు చేశాను. వాడు ఒక వారం చుక్కలు పెట్టి తప్పించుకున్నాడు, ఇప్పుడు రాస్తున్నాడు. కలం పని చూపించే మా వీడియోలకు ఇంకా తెలుగు అక్షరాలు వేయలేదు, వినపడనివారికి అవి మూగబొమ్మలే. ఈ వేసవిలో వాటి పని పడతాను. మీరు ముందు ఆ ఫోన్ చేసినాయనకే తిరిగి ఫోన్ చేసి, ఏ బటన్ దగ్గర ఆగిపోయారో అడగండి.