సాయంత్రం ఏడింటికి చేతికి ఏం తగులుతోంది?

ప్రశ్న: నాకు 36. పన్నెండున్నరకి లంచ్ బాక్స్ తింటా, ఐదింటికి ఒక కాఫీ, ఏడింటికి ఇంటికొస్తా. బ్యాగ్ కూడా దించకుండా వంటగట్టు దగ్గర నిలబడి చిప్స్, బిస్కెట్లు ఏవుంటే అవి తినేస్తా, పది నిమిషాలయ్యాక నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఇక రాత్రి భోజనం మానేస్తా, ఆ చిరాకంతా పిల్లాడి మీద చూపిస్తా. మా ఆయనేమో "నీకు కంట్రోల్ లేదు" అంటారు, ఆ ప్యాకెట్లు తెచ్చేది కూడా ఆయనే. రెండుసార్లు డైట్ మొదలుపెట్టి మూడు వారాల్లో వదిలేశా. నాకు విల్ పవర్ లేదా, లేక ఇది డిప్రెషనా?

జవాబు: మీరు అలా రాసేసి దాటిపోయిన మొదటి లైన్ దగ్గరే నేను ఆగిపోయానమ్మా. పన్నెండున్నర నుంచి ఏడు దాకా, అంటే ఆరున్నర గంటలు, కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు. ఒంటి బరువులో మెదడు 2 శాతమే ఉంటుంది గానీ ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో 20 శాతం దాకా అదే లాగేస్తుంది, అలాంటిదాన్ని పస్తు పెట్టి, రోజంతా ఆఫీసులో అందరితో ఓపిగ్గా మాట్లాడించి, ఇంటికి రాగానే ఇప్పుడు బుద్ధిగా ఉండు అంటే ఎలా వింటుంది చెప్పండి. నాకైతే ఇక్కడ విల్ పవర్ కంటే ముందు మామూలు ఆకలి కనబడుతోంది, ఆ ఆకలికి ఎదురుగా చిప్స్ ప్యాకెట్ కనబడుతోంది.

మీ వంటిల్లు నేను చూడలేదు కానీ చాలా ఇళ్లలో ఒకటే సీను. ప్యాకెట్లు గట్టు మీద, పండ్లు ఫ్రిజ్‌లో ఎక్కడో వెనక, కూరగాయలు అట్టడుగు డ్రాయర్‌లో ముడేసిన కవర్లో. ఆ ముడి విప్పాలి, కడగాలి, తొక్క తియ్యాలి, తరగాలి. ఆకలితో నకనకలాడే మనిషి అంత పని చేస్తుందా, ప్యాకెట్‌కి ఒక్క చింపు చాలు. మీరు మార్చాల్సింది ఇదే, ఏది సులువు ఏది కష్టం అన్నది తిరగేయాలి.

సెలవు రోజు ఒక గంట పెట్టుకోండి, కడుపు నిండా తిన్నాక చెయ్యండి ఈ పని, ఆకలి మీద చేస్తే సర్దేవాటిలో సగం నోట్లోకే పోతాయి. క్యారెట్, కీర లాంటివి తరిగి, లోపలున్నది కనబడే డబ్బాల్లో ఫ్రిజ్‌లో కంటికి ఎదురుగా ఉండే అరలో పెట్టండి, మూడు రోజులకి సరిపడానే, ఎక్కువ తరిగితే పాడై మళ్లీ అదో బాధ. ఉడకబెట్టిన గుడ్లు పెంకుతోనే ఉంచితే ఫ్రిజ్‌లో వారం ఆగుతాయి. ఆపిల్స్, అరటిపండ్లు ఆకుకూరల పక్కన మాత్రం పెట్టకండి, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ గ్యాస్‌కి ఆకులు త్వరగా పసుపెక్కిపోతాయి, పాపం మనమేమో కూర మంచిది కాదు అనుకుంటాం. గట్టు మీద ప్యాకెట్ ఉండే చోట పండ్ల గిన్నె పెట్టండి. ప్యాకెట్లు పారెయ్యొద్దు, లోపలున్నది కనబడని డబ్బాలో వేసి స్టూల్ ఎక్కితే తప్ప అందని చోట పెట్టండి. నిజంగా తినాలనిపిస్తే స్టూల్ ఎక్కి తీసుకుని, గిన్నెలో వేసుకుని, కూర్చుని తినండి, తప్పేం లేదు.

చిన్న ప్లేటులో తింటే తక్కువ తింటారు లాంటి చిట్కాలు కూడా చాలా తిరుగుతుంటాయి, వాటిమీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఆ టైపు ప్రయోగాలతో బాగా పేరొచ్చిన బ్రయాన్ వాన్సింక్ అనే ప్రొఫెసర్ పరిశోధన పేపర్లు ఆరింటిని, వాటి ఫలితాలు నమ్మొచ్చని తేలక, జామా అనే అమెరికా వైద్య పత్రికలు 2018లో ఒకేసారి వెనక్కి తీసుకున్నాయి.

అసలు మీకు అన్నిటికన్నా ముందు కావాల్సింది ఐదింటికి ఏదో ఒకటి తినడం. బ్యాగ్‌లో ఒక పండు, గుప్పెడు పల్లీలు. కాఫీ మూడింటికి జరపండి, కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, ఐదింటి కాఫీ రాత్రి పదింటికి కూడా ఒంట్లో ఇంకా సగం ఉంటుంది, నిద్ర చెడితే మర్నాడు ఆకలీ చిరాకూ రెండూ ఎక్కువే. రాత్రి భోజనం మానేయడం ఆపండి. అది శిక్ష కింద వేసుకుంటున్నారు మీరు, ఆ శిక్షే మర్నాటి ఆకలికి మొదలు.

రెండుసార్లు మూడు వారాలకి వదిలేశా అన్నారు కదా, లండన్‌లో ఒక స్టడీలో కొత్త అలవాటు దానంతటది జరిగేలా కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 250 పైన. మూడు వారాలకే ఓడిపోయా అనుకోవడం తొందరపాటు.

మీ ఆయన సంగతి. ఏడింటికి ఈ మాట ఎత్తకండి, ఇద్దరూ అలిసిపోయి ఉంటారు. తీరిగ్గా ఉన్నప్పుడు "మీరు తినొద్దనట్లేదు, తెచ్చినవి ఆ డబ్బాలో పెట్టండి, నేను రాగానే ఓ పది నిమిషాలు నన్నేమీ అడక్కండి, కంట్రోల్ లేదు అన్న మాట మాత్రం ఇక వద్దు, అది విన్నప్పుడల్లా ఇంకా ఎక్కువ తింటున్నా" అని చెప్పండి. పిల్లాడి ముందు వద్దు.

డిప్రెషనా అంటే, ఈ ఉత్తరం ఒక్కటీ చూసి చెప్పేది కాదు అది. ఆస్ట్రేలియాలో 67 మంది డిప్రెషన్ పేషెంట్లతో 12 వారాలు చేసిన ప్రయోగం ఒకటి 2017లో వచ్చింది, తిండి మార్చుకోవడానికి సాయం అందిన వాళ్లలో 32 శాతం మంది బాగా తేరుకున్నారు, ఊరికే కబుర్లతో తోడు దొరికిన వాళ్లలో 8 శాతమే. చిన్న స్టడీ, పైగా వాళ్లలో చాలామంది వైద్యం కూడా తీసుకుంటున్నవాళ్లే, కాబట్టి ఫ్రిజ్ సర్దితే మందులు అక్కర్లేదని దీనికి అర్థం చెప్పుకోకండి. రెండు వారాలుగా రోజూ దిగులుగా, దేనిమీదా ఇష్టం లేకుండా ఉంటే, లేదా ఆపుకోలేనంతగా తినడం వారానికి ఒక్కసారైనా మూడు నెలలుగా జరుగుతుంటే, తిన్నది కక్కేస్తుంటే, డాక్టర్ దగ్గరకి వెళ్లండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే వెళ్లండి, ఒంటరిగా ఉండకండి.

అవేవీ లేకపోతే ముందు ఐదింటి పండుతో మొదలుపెట్టండి. నెల తర్వాత మళ్లీ రాయండి, బరువు ఎంతో వద్దు, ఏడున్నరకి పిల్లాడితో ఎలా గడిచిందో రాయండి చాలు.