అంగన్‌వాడీలో చేరబోతున్న సరళకు

అమ్మడూ,

అంగన్‌వాడీ టీచరుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. వెంటనే భయమూ వేసింది. బరువు పెరగని బిడ్డ ఏడ్చి చెప్పదే తల్లీ! చిక్కిపోయినకొద్దీ ఏడుపూ తగ్గిపోతుంది. ఇంట్లోవాళ్లేమో బుద్ధిమంతుడని మురిసిపోతుంటారు.

తూకం ఎలా వేయాలో నేర్పుతారులే. బట్టలు విప్పించు, సున్నా చూసుకో. బరువు గుర్తించే చార్టులో గీత పైకి పోకుండా అడ్డంగా సాగిందంటే అప్పుడే ఆ ఇంటికి వెళ్లు. దిగేదాకా ఆగావంటే ఊరుకోను.

అసలు చెప్పాల్సింది పల్చటి జావ సంగతి. తరతరాల తప్పు ఇది. "పల్చగా ఉంటేనే అరుగుతుంది" అంటూ గ్లాసు నీళ్లలో పెద్ద చెంచాడు రాగిపిండి కాచి పోస్తారు. ఆ పది గ్రాముల పిండిలో ఉండేది 30 పైచిలుకు కేలరీలు. ఏడెనిమిది నెలల బిడ్డకు తల్లిపాలు కాక పైతిండి నుంచి రోజుకు 200 దాకా కావాలి. అంటే ఆరు గ్లాసులు! ఏడు కిలోల బిడ్డ పొట్టలో పూటకు పట్టేదే 200 మిల్లీలీటర్లు. నీళ్లతో పొట్ట నిండి రొమ్ము కూడా వద్దంటుంది. కడుపునిండా తాగిందని తల్లి నిజంగానే నమ్ముతుంది, ఆమెను కసరకు. పక్కన కూర్చుని కాచి చూపించు.

చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. చల్లారి బిడ్డ మింగలేనంత గట్టిపడితే నీళ్లు పోయొద్దు, మొలకల పిండి కలపాలి. రాగులు నానబెట్టి, మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, వేయించకుండా పట్టించమను. వేయిస్తే జావను పల్చబరిచే మొలకలోని ఎంజైము చచ్చిపోతుంది. దించి కాస్త వేడి తగ్గిన జావలో ఆ పిండి అరచెంచా కలిపితే, నీళ్లు పోయకుండానే కాసేపట్లో జారుగా అవుతుంది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా పెట్టాలి. చిన్న చెంచాడు నెయ్యో నూనో వేస్తే ఇంకో 45 కేలరీలు. మెత్తటి పప్పన్నం, గుడ్డు కూడా అలవాటు చేయించు.

అంగన్‌వాడీ నుంచి చిన్నపిల్లలకిచ్చే పోషకాహార పొడి, ఆ బాలామృతం ప్యాకెట్టు ఇచ్చి వచ్చేయకు. ఇంట్లో పెద్దపిల్లలు కూడా దాన్నే తింటున్నారేమో మెల్లగా అడుగు.

నాకు అన్నిటికన్నా భయం వాపంటే. నీరు చేరిన బిడ్డ తూకంలో బాగానే కనిపిస్తుంది. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కు. గుంట పడినా, ఆరునెలలు నిండిన బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తగ్గినా, ఊరి నర్సు ఏఎన్‌ఎంకు చెప్పి ఆ రోజే ఆస్పత్రికి పంపు. రేపనకు.

చేరిన రోజే తూకం మీద కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టి సరిచూసుకో.

మీ పెద్దమ్మ