అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్... మాకూ వస్తుందా, ముందే తెలుస్తుందా?

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు, రాజోలు దగ్గర మా ఊరు. అమ్మకి పన్నెండేళ్ళ నుంచి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళ జబ్బు, వేళ్ళు వంకర పోయాయి. పిన్నికీ ఉంది. ఇది వస్తుందో రాదో ముందే చెప్పే జీన్ టెస్టు ఉందంట, నేను, చెల్లి, తమ్ముడు చేయించుకోవాలా? వంకాయ, చింతపండు మానెయ్యాలా? తమ్ముడు సిగరెట్లు కాలుస్తాడు. నాకు రెండు నెలల నుంచి పొద్దున్నే వేళ్ళు పట్టేసి పాపకి జడ వెయ్యడం కూడా కష్టంగా ఉంది, ఎక్కువైన రోజు అమ్మ మాత్ర ఒకటి వేసుకుంటే సాయంత్రానికి సర్దుకుంటోంది. రెండో బిడ్డ కోసం చూస్తున్నాం, ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది జీన్ టెస్టు గురించి, నా కన్ను పడింది మాత్రం ఆ జడ మీద. ముందు అది చెప్పండి, పొద్దున్నే వేళ్ళు ఎంతసేపు పట్టేసి ఉంటున్నాయి? పది నిమిషాల్లో వదిలేస్తే వేరే సంగతి, అరగంట దాటుతూ, అదీ రెండు చేతులకీ, గుప్పిట బిగిస్తే పైకి లేచే కణుపుల దగ్గర వాపు ఉంటే, ఎవరైనా అరచెయ్యి పట్టుకుని నొక్కితే ప్రాణం పోయినట్టుంటే ఇంక వస్తుందా రాదా అనే లెక్క కాదిది, వచ్చిందా అని చూసుకోవాల్సిన లెక్క. చూడకుండా అదే అని నేను అనను, చికున్ గున్యా వచ్చి తగ్గాక కూడా నెలల తరబడి ఇలాగే ఉంటుంది, థైరాయిడ్‌లోనూ ఉంటుంది. కానీ ఈ జబ్బులో మొదటి మూడు నెలల్లో మందు మొదలైనవాళ్ళకీ ఏడాది తర్వాత వచ్చేవాళ్ళకీ చాలా తేడా, మీకు అందులో రెండు నెలలు అయిపోయాయి.

ఇక ఆ మాత్ర. ఏ మాత్రో రాయలేదు మీరు! ఓపీలో రోజూ ఇదే గొడవ, "ఆయ్, అమ్మ వాడేదేనండి" అంటారు, అమ్మకి రాసింది మీకు రాసినట్టా? పూటలో తగ్గిందంటే అది నొప్పి మాత్రో స్టెరాయిడో అయ్యుంటుంది, స్టెరాయిడ్ అయితే వాపు దాక్కుంటుంది, మీరు డాక్టర్ దగ్గరకి వెళ్ళే రోజుకి చెయ్యి శుభ్రంగా కనపడుతుంది, ఆయన ఏం లేదు పొమ్మంటారు. ఊళ్ళో వేసే నొప్పి ఇంజెక్షన్లూ, ఆకు మందు అని ఇచ్చే పొడులూ కూడా చాలాసార్లు ఇదే బాపతు. అదే ఈ జబ్బుకి వాడే మెథోట్రెక్సేట్ అయితే ఇంకా భయం, అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు, పని చెయ్యడానికి వారాలు పడుతుంది, నొప్పి వచ్చిందని రోజూ మింగితే ప్రాణం మీదకి వస్తుంది, బిడ్డ కోసం చూస్తున్నవాళ్ళు అసలు ముట్టకూడదు. ఈ నెల పీరియడ్ ఆలస్యమైతే ముందు ప్రెగ్నెన్సీ టెస్టు చేసుకుని వెంటనే డాక్టర్‌కి చెప్పండి. ఒకవేళ అది స్టెరాయిడ్ అయ్యుండి రోజూ వేసుకుంటూ ఉంటే, డాక్టర్‌కి చెప్పకుండా ఒక్కసారిగా ఆపెయ్యకండి కూడా.

సరే మీ ప్రశ్న. మామూలు జనంలో ఈ జబ్బు నూటికి ఒకరికి కూడా ఉండదు, అమ్మకో అక్కకో ఉంటే రిస్క్ సుమారు మూడింతలు అనుకోండి, అయినా నూటికి తొంభై ఏడు మందికి రాదనే అర్థం. ఒకేలా పుట్టే కవలల్లో ఒకరికి ఉంటే రెండోవాళ్ళకి వచ్చేది నూటికి పదిహేను మందికే, జీన్లే మొత్తం చెప్పేస్తే అలా ఉండదు కదా. అందుకే జీన్ టెస్టుకి డబ్బులు పోసుకోకండి. యాంటీ సీసీపీ అనే రక్త పరీక్ష జబ్బు రావడానికి కొన్నేళ్ళ ముందే పాజిటివ్ కావచ్చు, మీకు లక్షణాలున్నాయి కాబట్టి చేయించాలి, నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని కాదు. ఏ నొప్పీ లేని చెల్లికి ఇప్పుడు అక్కర్లేదు, పాజిటివ్ వస్తే ఇవ్వడానికి చేతిలో ఖాయమైన మందు లేదు, ఊరికే బెంగ. నొప్పులుండి పాజిటివ్ ఉన్నవాళ్ళకి ముందే అబటసెప్ట్ అనే మందు ఇచ్చి చూసిన ఫలితాలు 2024లో వచ్చాయి, జబ్బు వాయిదా పడింది, మామూలు వాడకంలోకి ఇంకా రాలేదు.

వంకాయ తినండి, చింతపండు తినండి. మాన్పించాల్సింది తమ్ముడి సిగరెట్. ఆ రిస్క్ జీన్లున్న ఒంట్లో పొగ తోడైతే జబ్బు అవకాశం బాగా పెరుగుతుంది, లంక పొగాకు చుట్ట అయినా పొగ పొగే. చిగుళ్ళ జబ్బుకీ దీనికీ లంకె ఉందంటారు, చిగుళ్ళలో రక్తం వస్తుంటే పళ్ళ డాక్టర్‌కి చూపించండి.

కాకినాడలోనో రాజమండ్రిలోనో రుమటాలజిస్ట్ (ఈ కీళ్ళ జబ్బులు చూసే డాక్టర్) దగ్గరకి ఈ వారమే వెళ్ళండి, పొద్దున్నే వాపు ఉన్నప్పుడు ఫోన్లో చేతుల ఫొటో తీసుకుని, ఆ మాత్రల షీటు కూడా పట్టుకెళ్ళండి, పారేసి ఉంటే అమ్మగారి మందుల చీటీ.