జిల్లా క్రికెట్ సంఘం చరిత్ర రాయబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా క్రికెట్ సంఘం చరిత్ర రాసే పని నీ నెత్తిన పడ్డదని తెలిసింది. అధ్యక్ష, కార్యదర్శుల పట్టికతో మొదలుపెట్టావట. దాన్ని పక్కన పెట్టు, చివర్లో రెండు పేజీల్లో వేసుకోవచ్చు. కుర్చీలో ఎవరు కూర్చున్నారో ఊరంతా చెబుతుంది. పిచ్ మీద పరిచే మ్యాటు ఎప్పుడు కొన్నారో, ఏ జట్టు ఏ ఊరికి పోయి ఆడిందో చెప్పే కాగితాలే ముందుగా చిత్తు కింద పోతాయి. వాటి వెంట పడు.

తగవంతా పుట్టిన ఏడాది దగ్గరే వస్తుంది. ఏ సంఘానికైనా పుట్టినరోజులు మూడు: ఆటగాళ్లు కూడి సంఘం పెట్టుకుందామని తీర్మానించిన రోజు, రిజిస్టరైన రోజు, హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ (హెచ్‌సీఏ) అనుబంధం, అంటే అఫిలియేషన్, ఇచ్చిన రోజు. మొదటిది మినిట్స్ పుస్తకంలో, రెండోది జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో, మూడోది హెచ్‌సీఏ జనరల్ బాడీ మినిట్స్‌లో వెతకాలి. దొరికినవాటిని దేనికది విడిగా రాయి, మూడూ కలిపి ‘స్థాపన’ అనకు. హెచ్‌సీఏ ఏర్పడిందే 1934లో కాబట్టి, అంతకు ముందే అనుబంధం ఉందని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపు.

రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టు. రిజిస్ట్రేషన్ నంబరు, ఏడాది ముందే తెలిస్తే పని తొందరగా అవుతుంది. పాత లెటర్‌హెడ్ల మూలన అవి అచ్చయి ఉంటాయి. ఇక్కడొక గుంత ఉంది. 2001 చట్టం వచ్చేదాకా తెలంగాణలో సంఘాలు 1350 ఫస్లీ (నిజాం కాలపు సర్కారు లెక్క ఏడాది) నాటి చట్టం కింద నమోదయ్యేవి. లెటర్‌హెడ్ మీద ‘1350 ఫస్లీ’ చూసి, సంఘం 1940 నాటిదని లెక్కగట్టి శతజయంతికి చందాలు మొదలుపెట్టేవాళ్లుంటారు. అది చట్టం పుట్టిన ఏడాది. సంఘానిది కాదు.

నిజాం కాలపు కాగితం నిజంగానే దొరికితే తేదీ మార్చడం నేర్చుకో. హైదరాబాద్ ఫస్లీ ఏడాది ఆజుర్ నెలతో అక్టోబరులో మొదలవుతుంది. ఆజుర్ మొదలు నుంచి డిసెంబరు లోపు తేదీ అయితే ఫస్లీ ఏడాదికి 590 కలుపు, జనవరి నుంచి అయితే 591. మన ఆట సీజను చలికాలంలో రెండేళ్ల మీదుగా నడుస్తుంది కాబట్టి ఈ ఒక్క అంకె తప్పితే సీజనే మారిపోతుంది.

ఇక జిల్లా అంటే ఏ జిల్లా? గద్వాల, అలంపూరు 1956 దాకా రాయచూరు జిల్లాలోవి. అంతకు ముందు అక్కడ ఆట ఉంటే దాని ఆనవాళ్లు రాయచూరు వైపు వెతకాలి, మహబూబ్‌నగర్‌లో కాదు. 2016 అక్టోబరు 11న జిల్లా చీలినప్పుడు షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కు పోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడి జిల్లా అయింది. మా నల్లగొండ వైపు సూర్యాపేట, భువనగిరి పిల్లలదీ ఇదే గొడవ. నియమం ఒకటే పెట్టుకో: మ్యాచ్ ఆడిన రోజున ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో అదే రాయి, నేటి జిల్లా పేరు పక్కన వేయి. దేశవాళీ పోటీ రంజీ ట్రోఫీ విషయంలో ‘ఆంధ్రప్రదేశ్ రంజీ జట్టు’ అన్న మాట ఎక్కడ కనిపించినా కొట్టెయ్. రాష్ట్రం ఒకటైనా ఆంధ్ర, హైదరాబాద్ జట్లు వేర్వేరుగానే ఆడాయి. మన పిల్లలు హైదరాబాద్‌కే పోయారు.

అసలు సరుకు స్కోరుబుక్కుల్లో ఉంటుంది. ప్రతి ఇన్నింగ్స్‌నూ సరిచూడు. బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు (ఏ బ్యాటర్ ఖాతాలోనూ పడని అదనపు పరుగులు) కలిపితే మొత్తం స్కోరు రావాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్‌బైలు (బంతి బ్యాటుకు తగలకుండా పోయినప్పుడో, ఒంటికి తగిలి పోయినప్పుడో తీసిన పరుగులు) కలిపినా అదే రావాలి. బౌలర్ల వికెట్లకు రనౌట్లు కలిపితే పడ్డ వికెట్లతో సరిపోవాలి. రెండో లెక్క పాత పుస్తకాల్లో కుదరదు, దానికి గాభరాపడకు. 1980ల మధ్య వరకు వైడ్లు, నోబాళ్లు బౌలర్ ఖాతాలో వేసేవారు కాదు. కాబట్టి ఆ కాలం పుస్తకాల్లో వాటిని కూడా విడిగా కలిపి చూడు. అప్పటికీ తేడా వస్తే రెండు అంకెలూ రాయి. నీకు నచ్చినదాన్ని ఉంచి రెండోదాన్ని దిద్దే అధికారం నీకు లేదు. కార్యవర్గంలో ఒకరి పేరు మీద సెంచరీ 98గా తేలినా సరే.

పేర్ల సంగతి ఇంకా చిక్కు. స్కోరర్ ‘ఎండీ’ అని రాసి వదిలేస్తే ఒకే జట్టులో ముగ్గురు మహమ్మద్‌లు కలిసిపోతారు. ఇంటిపేరుతో ఒక పుస్తకంలో, పిలుపు పేరుతో ఇంకో పుస్తకంలో ఒకే మనిషి కనిపిస్తాడు. ఆటగాడికొక కార్డు పెట్టు. చదువుకున్న కాలేజీ, ఆడిన క్లబ్బు, కుడిచేతా ఎడమచేతా అన్నది వేసుకో. ఎడమచేతి బౌలర్ అన్న ఒక్క ముక్క సగం తగాదాలు తీరుస్తుంది.

‘రంజీ ఆడాడు’ అన్నది జిల్లాల్లో చవగ్గా దొరికే మాట. ప్రాబబుల్స్‌లో, అంటే ఎంపికకు ముందు వేసే పెద్ద జాబితాలో, పేరుండడం వేరు, పదిహేనుమందిలో ఉండడం వేరు, పదకొండుమందిలో దిగడం వేరు. హైదరాబాద్ రంజీ గెలిచిన 1937-38, 1986-87 సీజన్లకైనా, మరే సీజనుకైనా స్కోరుకార్డులు దొరుకుతాయి. పేరుంటే ఆడినట్టు, లేకుంటే ఎంతవరకు పోయాడో అంతే రాయి. అది కూడా తక్కువేం కాదు.

క్యాష్‌బుక్కును ఎవరూ అడగరు. అది అడుగు. కొబ్బరిపీచు మ్యాటు, మేకులు కొన్న బిల్లులు ఏ ఏడాది ఆగిపోయాయో చూస్తే టర్ఫ్ వికెట్ (మట్టి, గడ్డితో చేసిన పిచ్) ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది. గడ్డి విత్తనం, నల్లమట్టి లోడు, రోలర్ మరమ్మతు ఖర్చులు అప్పుడే మొదలవుతాయి. బంతుల బిల్లు కూడా చదువు. మగవాళ్ల బంతి దాదాపు 156 నుంచి 163 గ్రాములు, ఆడవాళ్లది 140 నుంచి 151. ఐదు ఔన్సుల (సుమారు 142 గ్రాముల) బంతులు కొన్నారంటే అమ్మాయిలో, చిన్నపిల్లలో ఆడుతున్నారని అర్థం. ఎవరో తేలేదాకా అడుగు. మహిళల క్రికెట్‌కు 1973 నుంచి విడి సంఘం ఉండేది, 2006లోనే బీసీసీఐలో కలిసింది. అందుకని అంతకు ముందు అమ్మాయిల పేర్లు మన సంఘం కాగితాల్లో లేకపోతే వాళ్లు ఆడలేదని రాయకు. కాలేజీల వ్యాయామ ఉపాధ్యాయుల రికార్డులు, సర్టిఫికెట్లు చూడు.

పెద్దవాళ్ల దగ్గరికి పోయినప్పుడు ‘ఎన్ని కొట్టారు’ అని అడిగితే ప్రతిసారీ పెరుగుతుంది. అంపైర్ ఎవరు, ఏ బస్సులో పోయారు, అన్నం ఎక్కడ తిన్నారు అని అడుగు. ఏడాది నేరుగా అడగకు. 1969 ఉద్యమంలో కాలేజీలు మూతపడకముందా తరవాతా, 1983 ప్రపంచకప్పుకు ముందా తరవాతా అంటే దారిలోకి వస్తుంది. ఇద్దరిని ఒకేచోట కూర్చోబెట్టావంటే గట్టిగా మాట్లాడేవాడి జ్ఞాపకమే మిగులుతుంది. విడివిడిగా కలువు.

ఫొటోల వెనక రాతను కూడా నమ్మేయకు. 1962 అని రాసి కింద లాల్ బహదూర్ స్టేడియం అని ఉంటే, ఆ రాత తరవాతెప్పుడో రాసింది. అప్పటికది ఫతే మైదాన్. పత్రికల్లో 1989 తరవాత ఈనాడు జిల్లా పేజీలు ఉపయోగపడతాయి. అంతకు ముందుకు అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీలో ఉర్దూ పత్రికలు తిరగేయాలి, సియాసత్ 1949 నుంచి వస్తోంది. ఉర్దూ చదివే మనిషిని వెంట తీసుకుపో, నలభై ఏళ్ల ఆటను తెలుగు పేపర్లలోనే వెతికి లాభం లేదు.

అలంపూరు వైపు కాగితాలు 2009 అక్టోబరు వరదల్లో పోయాయని చెబితే అది జరగగలిగిన మాటే. అయినా ప్రత్యర్థి జట్టు పుస్తకం ఎక్కడుందో అడుగు. మ్యాచ్‌కు స్కోరర్లు ఇద్దరు కదా.

దొరికిన పుస్తకాలకు లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. ఫోను నిటారుగా పైన పట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా ఫొటో తీస్తే చెరిగిన పెన్సిల్ గీతల గాట్లు కనిపిస్తాయి. ఫైలు పేరులో ముందు ఏడాది, నెల, తేదీ, ఆ తరవాత ఊరు, జట్లు పెట్టు. తీసిన రోజే అసలు పుస్తకం యజమానికి ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకో. పోయిందన్న మాట తరవాత నీ మీదికే వస్తుంది.

మొదటి రెండు అధ్యాయాలు అయ్యాక పంపు. సందేహం ఉన్న చోట పక్కన పెన్సిల్‌తో గీత గీసి పంపు.

మీ మామ,
నల్లగొండ