భోషాణానికి మాసిక

చి. శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ భోషాణం అడుగు పుచ్చింది, ఎమ్‌సీల్ పెట్టేయనా అని అడిగావు. వద్దు నాన్నా. చెక్క వానలకి ఉబ్బుతుంది, పొడిగాలికి కుంచించుకుంటుంది. ఎమ్‌సీల్ ముద్ద గట్టిపడ్డాక కదలదు, అంచంతా విడిచి పెచ్చులా ఊడొస్తుంది.

ముందు స్క్రూడ్రైవర్ మొనతో పొడుస్తూ రా. మెత్తగా దిగిన చోటల్లా సుద్దతో గియ్యి. పలక మందంలో మూడో వంతు దాటి దిగితే మాసికతో కాదు, పలకే మార్చాలి. పెట్టె కింద నల్లకాగితం పరిచి వారం ఉంచు. దానిమీద మెత్తటి పిండి రాలితే పురుగు ఇంకా బతికుందన్నమాట.

పాత పాలిష్ గీకేసి, పురుగుకి మందుగా లీటరు వేడినీళ్ళలో 60 గ్రాముల బోరాక్స్, 40 గ్రాముల బోరిక్ పౌడరు కరిగించి, గ్లౌజులతో రెండు పూతలు వెయ్యి. గీకకపోతే మందు ఇంకదు. తర్వాత పది రోజులు నీడలోనే ఆరాలి, ఎండలో పెడితే అతుకులు విచ్చుకుంటాయి. తుఫాన్ల రోజుల్లో మాత్రం మొదలెట్టకు. మన విశాఖలో చలికాలం వస్తేగానీ గాలి కాస్త పొడిబారదు.

ఇక మాసిక. పెట్టె టేకుదైతే టేకే కావాలి, అదీ పాతది. ఓల్డ్ టౌన్‌లో పాత ఇళ్ళు పడగొట్టేచోట తలుపుచెక్క అడుగు. పుచ్చిన భాగాన్ని చదరంగా కాక పడవ ఆకారంలో, గట్టి చెక్క తగిలేదాకా ఉలితో తియ్యి. చెక్క నారకి అడ్డంగా పడ్డ గీత ఎంత పాలిష్ వేసినా కనిపిస్తుంది, ఏటవాలు గీత కలిసిపోతుంది. మాసిక నార కూడా పలక నార దిక్కునే ఉండాలి. గుంట కంటే ఒక మిల్లీమీటరు ఎత్తుగా కోసి, వాటర్‌ప్రూఫ్ ఫెవికాల్ రెండు వైపులా పూసి, క్లాంపు లేకపోతే ఇసుక మూట పెట్టి, ఒక రోజంతా కదపకు. ఆరాకే చిత్రిక పట్టు.

సన్న కన్నాలకి ఫెవికాల్‌లో రంపప్పొట్టు కలిపి పెడతారు. వెనక పక్కన సరేగానీ ముందు వైపు వద్దు, పాలిష్ పట్టక మచ్చలా తేలుతుంది. అక్కడ పాలిష్ అయ్యాక తేనెమైనంలో చిటికెడు కావిరంగు కలిపి అద్దు.

అసలు రోగం గచ్చు చెమ్మ. పెట్టెని రెండంగుళాలైనా ఎత్తు మీద పెట్టకపోతే రెండేళ్ళలో మళ్ళీ ఉత్తరం రాస్తావు. స్క్రూలు ఇత్తడివే వాడు. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి చుట్టూ చెక్కని నల్లబరుస్తుంది. మూలల్లోని పాత లోహపు పట్టీలు విప్పేటప్పుడే వెనక పెన్సిలుతో నెంబర్లు వేసుకో, ఏ మూలది ఆ మూలకే సరిపోతుంది.

మీ మావయ్య